గుండె ఒక అమానత్

మొదటి ఖుత్బా

మన రొమ్ములలో గుండెను నిలిపి, మనం అడగకుండానే, మనం నిద్రించే వేళ సైతం దానిని ఆడిస్తున్న అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులందరిపైన అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక.

అమ్మాబాద్. ధర్మప్రియ సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని ముందుగా మాకు మేము, తరువాత మీకు హితవు చెబుతున్నాము.

నేటి ఖుత్బాను ఒక ఒప్పుకోలుతో ప్రారంభించవలసి ఉన్నది. సుమారు పది సంవత్సరాల క్రితం, ఒక రాత్రి ఇషా నమాజు తరువాత, రాణీగంజ్‌లో ఇనుప సామాన్ల దుకాణంలో పనిచేసే ఒక సోదరుడు మా వద్దకు వచ్చాడు. "హజ్రత్, సిగరెట్ హరామా, మక్రూహా?" అని అడిగాడు. మదర్సాలో చదివిన గ్రంథాలను గుర్తుచేసుకుని "మక్రూహ్" అన్నాము. ఆ ఒక్క మాటతో సంభాషణ ముగించి, దీపాలు ఆర్పించే పనిలో పడ్డాము. "హరామ్ కాదు కదా, అల్‌హందులిల్లాహ్" అని అతను నవ్వుతూ మెట్లు దిగాడు. మెట్ల కిందనే ఒకటి వెలిగించాడు.

గత చలికాలంలో అతని జనాజా నమాజు మేమే చేయించాము. వయస్సు నలభై మూడు. ఫజ్ర్‌కు ముందు ఛాతీ బిగుసుకుపోయి ఒళ్ళంతా చెమటలు పట్టాయట. గ్యాస్ అనుకుని సోడా తాగాడట. గంటన్నర గడిచిన తరువాత ఆటోలో ఎక్కించారు. ఆసుపత్రి గేటు చేరకముందే ప్రాణం పోయింది. మూడవ నాడు పరామర్శకు వెళ్ళినప్పుడు, అతని వృద్ధ తండ్రి మా చేయి పట్టుకుని అన్నారు: "ఇమామ్ సాబ్, వాడు నా మాట వినేవాడు కాదు. మీ మాట వినేవాడు. మీరు ఒక్కసారి గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది." ఆ మాటలో నింద లేదు. అందుచేతనే అది మమ్మల్ని నేటికీ వదలలేదు.

మేమిచ్చిన జవాబు అబద్ధం కాదు. గ్రంథంలో ఉన్నదే చెప్పాము. కానీ సగం చెప్పాము. మిగిలిన సగం చెప్పడానికే నేడు ఈ మిమ్బరు ఎక్కాము.

సోదరులారా! పొగాకు మన ప్రవక్త (స) కాలంలో అరేబియాలో లేదు, మన దేశంలోనూ లేదు. అది అమెరికా ఖండం నుండి ఐరోపావారి ఓడలలో వచ్చింది. అక్బర్ చక్రవర్తి చివరి రోజులలో అసద్ బేగ్ అనే రాయబారి దానిని మన దక్కనులోని బీజాపూర్ నుండే మొగలు దర్బారుకు తీసుకువెళ్ళాడు. అక్బర్ రెండు మూడు దమ్ములు పీల్చగానే ఆస్థాన వైద్యుడు వారించాడని, మన పెద్దలు పరీక్షించి చూడని వస్తువును స్వీకరించరాదని వాదించాడని అసద్ బేగ్ స్వయంగా రాసుకున్నాడు. అక్బర్ కుమారుడు జహాంగీర్ 1617లో పొగాకును నిషేధించాడు. నిషేధం నిలువలేదు, హుక్కా నిలిచింది.

ఆనాటి ఉలమాలు ఈ కొత్త వస్తువును గురించి ఎంతో చర్చించారు. కొందరు హరామ్ అన్నారు. డెమాస్కస్‌కు చెందిన షేఖ్ అబ్దుల్ గనీ నాబులుసీ, ఆయన 1731లో మరణించారు, ఇది అనుమతించదగినదేనని గ్రంథమే రాశారు. అనేకులు దుర్వాసనను, ధనవ్యయాన్ని చూసి మక్రూహ్ అన్నారు. వారందరూ అల్లాహ్‌కు భయపడే పండితులే. వారి కంటికి కనిపించినది పొగ, వాసన, ఖర్చు మాత్రమే. పొగ పీల్చినవాని రక్తనాళాల లోపల ఏమి జరుగుతున్నదో చూపగల సాధనం ఆనాడు ఎవరి చేతిలోనూ లేదు. తమకు తెలిసినంతలో వారు న్యాయంగా తీర్పు చెప్పారు. ఇప్పుడు తెలిసినది మన ముందు ఉన్నది. ప్రశ్న మనది.

తెలియక ముందు బాధ్యత వేరు, తెలిసిన తరువాత బాధ్యత వేరు. దీనికి నిదర్శనం మన ఊరిలోనే ఉన్నది. 1897 ఆగస్టు 20న ఇదే సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. బేగంపేటలో ఆయన పేరిట ఉన్న పాత భవనాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. అంతవరకు ఆ జ్వరం చెడు గాలి వలన వస్తుందని లోకం నమ్మింది. మలేరియా అన్న మాటకు అర్థమే చెడు గాలి. ఆ రోజుకు ముందు ఇంటి ముందర నీరు నిలువ ఉంచినవాడు అమాయకుడు. నేడు నీరు నిలువ ఉంచి, పొరుగింటి పసిబిడ్డకు జ్వరం వస్తే "అల్లాహ్ రాత" అనేవాడు అమాయకుడు కాడు. పొగ విషయంలో కూడా మనం ఆ రోజును దాటివచ్చి చాలా కాలమైనది.

ఇప్పుడు ఆ తెలిసినదేమిటో వినండి. వైద్యులు చెప్పినదానిని మాకు అర్థమైనంతలో విన్నవిస్తున్నాము.

అల్లాహ్ ఇచ్చిన ఈ గుండె రోజుకు దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది. దేహమంతటికీ రక్తం పంపే గుండెకు కూడా తన ఆహారం కావాలి. అది గుండెపైన అల్లుకున్న హృదయ ధమనుల ద్వారా అందుతుంది. ఆ ధమనుల లోపలి వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. ధమని లోపల కంటికి ఆనని పలుచని పొర ఒకటి ఉన్నది. ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేస్తూ నాళాన్ని సడలించి ఉంచుతుంది, రక్తం గోడలకు అంటుకోకుండా జారిపోయేటట్లు చూస్తుంది.

సిగరెట్ పొగ మొదట దెబ్బతీసేది ఈ పొరనే. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది, నాళం బిగుసుకుంటుంది. దెబ్బతిన్న చోట చెడు కొవ్వు చొరబడి, ఏళ్ళ తరబడి గోడలో గట్టిపడుతుంది. మరోవైపు నికోటిన్ దేహంలో అడ్రినలిన్‌ను విడుదల చేయించి గుండెను పరుగెత్తిస్తుంది, రక్తపోటు పెంచుతుంది. అంటే గుండెకు ప్రాణవాయువు ఎక్కువ కావలసి వస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్రమిస్తుంది. ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా అది హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. కూలివానిచేత రెట్టింపు పని చేయిస్తూ, అతని అన్నంలో సగం లాక్కున్నట్లు!

చివరి దెబ్బ మరొకటి. పొగ వలన రక్తంలోని ప్లేట్‌లెట్లు త్వరగా ఒకదానికొకటి అంటుకునే స్వభావాన్ని పొందుతాయి. ఒకనాడు ఆ కొవ్వు గడ్డ పైపొర చిట్లుతుంది. రక్తం దానిని గాయమని భావించి, అక్కడ గడ్డకడుతుంది. మోండా మార్కెట్ ఇరుకు సందులో ఒక తోపుడు బండి బోల్తాపడితే వెనుక ఉన్నదంతా నిలిచిపోవడం మీరు చూశారు. మూడు మిల్లీమీటర్ల నాళంలో అదే జరుగుతుంది. దానికి అవతల ఉన్న గుండె కండరం నిమిష నిమిషానికి చచ్చిపోతూ ఉంటుంది. దానినే గుండెపోటు అంటున్నాము. అదే మెదడు నాళంలో జరిగితే పక్షవాతం. కాళ్ళ నాళాలలో జరిగితే నాలుగు అడుగులు వేయగానే పిక్కలు పట్టుకుపోతాయి.

యౌవనంలోనే చేతి కాలి వేళ్ళకు రక్తం ఆగి, నల్లబడి కుళ్ళిపోయే వ్యాధి ఒకటి ఉన్నది. దానిని 1908లో లియో బర్గర్ అనే వైద్యుడు వివరించాడు. నేటికీ అది ఆయన పేరుతోనే పిలువబడుతున్నది. అది దాదాపుగా పొగాకు వాడేవారికే వస్తుంది. బీడీ తాగే మన పేదవారిలో అనేకులు దానికి బలియైనారు. వేలు తీసివేసిన తరువాత కూడా పొగ మానకపోతే పాదం, పాదం తరువాత కాలు పోతుంది. పొగాకును పూర్తిగా మానడమే దానికి అసలు చికిత్స.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో ప్రారంభమైన పరిశోధన, 1960 నాటికే సిగరెట్‌కు గుండెజబ్బుకు ఉన్న సంబంధాన్ని బయటపెట్టింది. నేడు ప్రపంచంలో గుండెజబ్బుతో మరణించే ప్రతి ఐదుగురిలో ఒకరి మరణానికి పొగాకే కారణమని, అది ఏటా 19 లక్షల ప్రాణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించింది. పొగాకు అనగానే మనకు క్యాన్సరు మాత్రమే గుర్తుకు వస్తుంది. క్యాన్సరుకు ఏళ్ళు పడుతుందని ధైర్యంగా ఉంటాము. గుండె అంత గడువు ఇవ్వదు.

సోదరులారా! ఇరానీ హోటల్ బల్లల దగ్గర మనం వినే జవాబులు కొన్ని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాము.

"నేను రోజుకు ఒకటే తాగుతాను" అంటారు. 141 పరిశోధనలను కలిపి చూసి 2018లో బి.ఎం.జె. వైద్యపత్రిక ప్రచురించిన ఫలితం వినండి. రోజుకు ఇరవై సిగరెట్లు తాగేవానికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, అందులో దాదాపు సగం రోజుకు ఒక్కటి తాగేవానికి కూడా పెరుగుతుంది. ఇరవైలో ఒక వంతు కాదు, సగం! ఇరవై నుండి ఒకటికి దిగినవాడు మంచి దారిలో ఉన్నాడు. కానీ గుండె విషయంలో ఇంకా గమ్యం చేరలేదు.

"మా తాత తొంభై ఏళ్ళు చుట్ట తాగాడు" అంటారు. కళ్ళు మూసుకుని రైలు పట్టాలు దాటి బ్రతికినవాడు ఒకడుంటాడు. అతనిని చూసి మన పిల్లలను పట్టాల మీదికి పంపము.

"హుక్కా నీటిలో కడిగిన పొగ కదా" అని యువకులు అంటారు. బొగ్గు నిప్పు నుండి పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌ను నీరు ఆపదు. 2024లో మన తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రాలను నిషేధిస్తూ చట్టం చేయడం ఊరక జరగలేదు.

"చావు గడియ అల్లాహ్ ముందే రాశాడు" అంటారు. నిజం, రాశాడు. కానీ ఖలీఫా ఉమర్ (రజి) సిరియా దారిలో ఉండగా ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించినదని తెలిసింది. ఆయన సైన్యాన్ని వెనుకకు మళ్ళించారు. "విధి నుండి పారిపోతున్నారా?" అని ప్రశ్న వచ్చినప్పుడు, ఈ అడుగు కూడా అల్లాహ్ విధిలోనిదేనని వివరించారు. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్నది మన ప్రవక్త (స) బోధ. ఒంటెను విప్పి వదలడం తవక్కుల్ కాదు.

"నా శరీరం, నా ఇష్టం" అంటారు. ఇది అన్నిటికంటే బలహీనమైన మాట. ఈ దేహం మనం కొనుక్కున్నది కాదు, అమానత్. దేహానికి మనపై హక్కు ఉన్నదని ప్రవక్త (స) తమ సహచరునికి నేర్పారు. తీర్పుదినాన ఆయుష్షును గురించి, ఆరోగ్యాన్ని గురించి, ధనాన్ని ఎక్కడ ఖర్చు చేశామన్నదానిని గురించి ప్రశ్న ఉన్నది. పైగా పొగ మన శరీరంలోనే ఆగదు. రెండు గదుల ఇంట్లో తండ్రి వదిలిన పొగను భార్య పీలుస్తుంది, బిడ్డ పీలుస్తాడు. ఇతరుల పొగను నిత్యం పీల్చేవారికి గుండెజబ్బు ముప్పు నూటికి 25 నుండి 30 వంతులు పెరుగుతుంది. ఒకరికి హాని చేయరాదు, హానికి లోనుకారాదు అన్న మూలసూత్రంపై మన ధర్మశాస్త్రంలో ఎన్నో తీర్పులు నిలిచి ఉన్నాయి.

ఇక "మక్రూహే కదా" అన్న మాట. అదే ఆ సోదరునికి మేము చెప్పకుండా వదిలిన సగం. మన హనఫీ ఫిఖ్‌హ్‌లో మక్రూహ్ రెండు విధాలు. ఒకటి తన్‌జీహీ, విడిచిపెడితే మంచిది. రెండవది తహ్రీమీ, హరామ్‌కు అతి సమీపంలో ఉన్నది, చేసినవాడు పాపి. మక్రూహ్ అన్న మాట వినగానే మనం మొదటిదే అనుకుని తేలికపడుతున్నాము. అన్నిసా అధ్యాయం 29వ వాక్యంలో అల్లాహ్ ప్రాణం తీసుకోవడాన్ని వారించాడు. అల్ బఖరా 195వ వాక్యంలో మన చేతులారా నాశనాన్ని కొనితెచ్చుకోవద్దని హెచ్చరించాడు. హాని స్పష్టమైన తరువాత ఈ వాక్యాల ముందు "తేలిక మక్రూహ్" అన్న మాట ఎలా నిలుస్తుంది? మలేసియా జాతీయ ఫత్వా మండలి 1995లో, ఇండోనేసియాలోని ముహమ్మదియా సంస్థ 2010లో పొగతాగడాన్ని హరామ్‌గా ప్రకటించాయి. మన దేశంలో మక్రూహ్ అన్న మాటే ఎక్కువగా వినబడుతుంది. మేము ముఫ్తీలము కాము, ఫత్వా ఇవ్వడం మా పని కాదు. కానీ ఆ సోదరుడు ఈ రాత్రి మళ్ళీ వచ్చి అడిగితే మేము చెప్పే జవాబు ఇది: "బాబూ, పేరు ఏదైనా సరే, ఇది నిన్ను చంపుతుంది. అల్లాహ్‌కు జవాబు చెప్పుకోవాలి. నేడే మానుకో. రా, కూర్చో, ఎలా మానాలో మాట్లాడుకుందాము."

అల్లాహ్ మనందరినీ మన్నించుగాక. ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

తప్పు చేసినవానికి తిరిగి వచ్చే దారిని మూసివేయని అల్లాహ్‌కు స్తోత్రాలు. మన ప్రవక్త (స) పైన దరూద్, సలాం.

సోదరులారా! పొగ తాగే సోదరుని మేము చెడ్డవాడని అనము. నికోటిన్ మెదడును బంధించే వస్తువు. ఆ బంధం సాధారణంగా చిన్న వయస్సులోనే, స్నేహితుల మధ్య, సరదాగా పడుతుంది. మన నగరంలో దాని వల ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. 1591లో నిర్మించిన చార్మినార్ మన నగరపు ముఖం. ఆ పేరే ఒక సిగరెట్ పెట్టెకెక్కింది. అజామాబాద్‌లోని వజీర్ సుల్తాన్ కంపెనీ సిగరెట్ అది. దేశంలో ఎక్కడెక్కడో చార్మినార్ అంటే కట్టడం కంటే ముందు సిగరెట్ గుర్తుకు వచ్చిన కాలం ఉన్నది. పాన్ డబ్బాకు వేలాడే రగిలే తాడు, విడిగా అమ్మే సిగరెట్, ఇరానీ చాయ్ కప్పు పక్కన అగ్గిపెట్టె, ఇవన్నీ మన బాల్యపు దృశ్యాలే. ఈ వలలో పడినవానిని అవమానించడం మన పని కాదు. బయటికి లాగడం మన పని.

శుభవార్త ఏమిటంటే, అల్లాహ్ ఈ దేహంలో తౌబాకు జవాబిచ్చే గుణాన్ని ఉంచాడు. చివరి సిగరెట్ తరువాత ఇరవై నిమిషాలలోనే గుండె వేగం తగ్గడం మొదలవుతుంది. ఒకటి రెండు రోజులలో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి దిగుతుంది. ఒక్క సంవత్సరం మానితే, పొగ వలన అదనంగా వచ్చిన గుండెజబ్బు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది. సుమారు పదిహేను సంవత్సరాలలో ఎన్నడూ తాగనివాని స్థాయికి చేరువ అవుతుంది. ముప్పై ఏళ్ళు తాగినవాడు "ఇప్పుడు మాని ఏమి లాభం" అని నిరాశపడనవసరం లేదు. అల్లాహ్ కారుణ్యం నుండి నిరాశ చెందడం విశ్వాసి లక్షణం కాదు.

మానడం సాధ్యమేనా? మీరు ప్రతి రమజానులో దానిని నిరూపిస్తున్నారు. సహరీ నుండి ఇఫ్తార్ వరకు పదమూడు పద్నాలుగు గంటలు పెట్టె జేబులోనే ఉన్నా ముట్టుకోరు. ఎవరూ చూడని గదిలో కూడా ముట్టుకోరు. కానీ సైరన్ మోగగానే, ఖర్జూరం నోట కరగకముందే వెలిగించేవారు ఉన్నారు. పగలంతా అల్లాహ్ కోసం ఆపగలిగిన చేతిని రాత్రి కూడా ఆయన కోసమే ఆపవచ్చు. మద్యనిషేధపు ఆజ్ఞ వచ్చిన రోజున మదీనా వీధులలో సారాయి పారబోసిన సహచరులు కూడా చిన్ననాటి నుండి దానికి అలవాటుపడినవారే. అల్లాహ్ వారిని మెట్టు మెట్టుగా సిద్ధం చేశాడు. ఆజ్ఞ వచ్చిన గడియలో వారు వెనుదీయలేదు.

సంకల్పంతో పాటు చికిత్స కూడా చేసుకోండి. వైద్యం చేయించుకొమ్మన్నది ప్రవక్త (స) ఆదేశమే. మొదటి వారాలలో చిరాకు, నిద్రలేమి, తలనొప్పి కలుగుతాయి, అవి తగ్గిపోతాయి. నికోటిన్ గమ్, ఇతర మందులు వైద్యుని సలహాతో వాడవచ్చు. సిగరెట్ పెట్టె మీద అచ్చువేసిన 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. కోరిక లేచినప్పుడు వుజూ చేయండి, నీరు తాగండి, నాలుగు అడుగులు నడవండి. కొన్ని నిమిషాలలో ఆ ఉప్పెన దిగిపోతుంది.

దుకాణదారులైన సోదరులకు ఒక మాట. మీ జీవనాధారం మాకు తెలుసు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో బీడీలు చుట్టి బిడ్డలను చదివిస్తున్న తల్లుల కష్టమూ మాకు తెలుసు. వారిని నిందించే హక్కు మాకు లేదు. కానీ పద్దెనిమిదేళ్ళు నిండనివారికి పొగాకు అమ్మరాదని, విద్యాలయాలకు వంద గజాల లోపల అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతున్నది. చట్టం లేకపోయినా, పసివాని చేతికి ఆ మొదటి సిగరెట్ అందించిన చేయి మనది కాకుండా చూసుకోవాలి.

యువకులకు ఒక మాట. ఛాతీ మధ్య బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఊపిరి అందకపోవడం, వీటిని చూసి గ్యాస్ అని సోడా కోసం పరుగెత్తవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి. ఆ గంటన్నర ఎంత విలువైనదో ఒక తండ్రి మాకు నేర్పారు.

మస్జిదుకు సంబంధించి మేము కోరేది కొద్దిపాటిదే. పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిన్నవారిని ఆ వాసన పోయేవరకు మస్జిదుకు దూరంగా ఉండమన్నారు ప్రవక్త (స). దైవదూతలకూ తోటి నమాజీలకూ కష్టం కలగకూడదని. నేటి నుండి మన మస్జిదు మెట్ల వద్ద ఎవరూ వెలిగించకుందురుగాక. మానదలచినవారు ఇషా తరువాత మా వద్దకు రండి. దీపాలు ఆర్పించే తొందర ఇక మాకు లేదు.

ఓ అల్లాహ్! మా గుండెలను నీ స్మరణతో బ్రతికించు, మా రక్తనాళాలలో ఆరోగ్యాన్ని ప్రవహింపజేయి. ఈ అలవాటులో చిక్కుకున్న మా సోదరులకు విముక్తి ప్రసాదించు. మా పిల్లలను దీని నుండి కాపాడు. చెప్పవలసినది చెప్పక మౌనం వహించిన మా లోపాన్ని మన్నించు. మమ్మల్ని వదిలి వెళ్ళిన ఆ సోదరుని సమాధిని వెలుగుతో నింపు, అతని తల్లిదండ్రులకు ఓర్పునివ్వు, అతని బిడ్డలకు నీవే సంరక్షకుడవు కమ్ము. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.

నమాజుకు లేవండి.